అతిథులను నమ్ముకొన్న ద్వీపము

ఒక గ్రామమునకు ఒకటే బావి యున్నచో, ఆ బావి యెండిన సంవత్సరమున ఆ యూరివారి గతి యేమగునో మన విద్యార్థులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. దేశములకును ఇట్టి బావులు కలవు. కొన్ని దేశములు నేలనుండి తీసిన చమురుతో బ్రదుకుచున్నవి. కొన్ని యొకే పంటతో బ్రదుకుచున్నవి. మఱికొన్ని తమ్ము చూడవచ్చిన అతిథులు వెచ్చించు ధనముతో బ్రదుకుచున్నవి. ఈ మూడవ తెగకు చెందిన చిన్న ద్వీపములు అమెరికా ఖండముల నడుమ నున్న కరిబియను సముద్రమున పెక్కులు కలవు. మనకు దగ్గఱగా, హిందూ మహాసముద్రమున, కొంతవఱకు అట్టిదే యగు ద్వీప మొకటి కలదు. అదియే మారిషస్. అందు మన తెలుగువారు అనేక తరములుగా నివసించుచున్నారు. కావున అతిథుల ధనముతో నొక దేశ మెట్లు బ్రదుకును, అందలి లాభమేమి, అపాయమేమి యను విషయమును ఆ ద్వీపమునే ఉదాహరణముగా గైకొని యీ వ్యాసమున వివరింప దలచితిమి.

మన సంప్రదాయమున అతిథి మూల్య మిచ్చి భుజించువాడు కాడు. ఇచట మాత్రము విహారార్థమై పరదేశమునుండి వచ్చి, రొక్క మిచ్చి, కొన్ని దినములు బసచేసి మరలిపోవువారిని అతిథులని వ్యవహరించుచున్నాము.

మన యూరి సంగతి

దూరదేశపు సంగతి చెప్పుటకు ముందు మన సికింద్రాబాదు సంగతి యొకటి జ్ఞప్తికి తెచ్చుకొందము. 1798లో నిజాము ప్రభువునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన యొడంబడికను బట్టి కంపెనీ సైన్యము హుస్సేనుసాగరమునకు ఉత్తరముగా విడిసెను. 1806లో ఆ విడిదికి నాటి నిజామగు సికందర్ జా పేర సికింద్రాబాదని నామకరణము జరిగెను. పెద్దలు నేటికిని ఈ యూరిని లష్కరని పిలుచుటయు, ఆషాఢమాసమున లష్కరు బోనాలు జరుగుటయు మన మెఱిగినదే.

సైనికులకు ధాన్యము, గుఱ్ఱములకు గడ్డి, దొరలకు దుస్తులును జోళ్ళును అమ్ముటకై వర్తకులు, దర్జీలు, చెప్పులు కుట్టువారు, చాకలివారు నలుదిక్కులనుండి వచ్చి చేరిరి. రెజిమెంటల్ బజారు అను పేరే యీ చరిత్రకు సాక్ష్యము. పై దేశమునుండి వచ్చినవారు తమ జీతమును ఇచట వెచ్చించుచుండగా, దానిపై నీ బజారులు పెరిగినవి. 1947లో బ్రిటిషు దళములు వెడలిపోయినప్పుడు ఊరు పాడుపడిపోయెనా? పాడుపడలేదు. 1874లో వచ్చిన రైలు అప్పటికే యిచట వేళ్ళూనియుండెను. భారతసైన్యము ఆ స్థానమునకు వచ్చెను. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణ మధ్య రైల్వే యేర్పడి సికింద్రాబాదు దానికి ముఖ్యస్థానమయ్యెను. ఒక కొనుగోలుదారుడు పోవునప్పటికి వేఱొక యాధారము సిద్ధముగా నుండుటయే మన యూరి యదృష్టము. మారిషస్ చరిత్ర యంతయు ఈ సూత్రమునకు పెద్ద వ్యాఖ్యానము వంటిది.

ద్వీపము, దాని ప్రజలు

మారిషస్ ఆఫ్రికా ఖండమునకు తూర్పుగా, మడగాస్కరునకు ఆవల నున్నది. ప్రధాన ద్వీపపు వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటరులు. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ యేర్పడినప్పుడు దాని పరిధి సుమారు 650 చదరపు కిలోమీటరులు. అనగా ఈ దేశమంతయు కలిసి నాటి మన నగరమునకు మూడు రెట్లు కూడ కాదు. జనులు సుమారు పన్నెండున్నర లక్షలు. ఇనుము లేదు, బొగ్గు లేదు, చమురు లేదు. తినుటకు కావలసిన వరియు గోధుమయు పరదేశములనుండి రావలసినదే.

1598లో డచ్చివారు తమ రాజకుమారుడగు మారిస్ పేర దీనికి ఈ నామ ముంచిరి. వారే చెఱకును తెచ్చి నాటిరి. 1710లో వారు విడిచిపోగా 1715లో ఫ్రెంచివారును, 1810లో ఆంగ్లేయులును వచ్చిరి. చెఱకు తోటలలో తొలుత ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు పనిచేసిరి. 1835లో బానిసత్వము రద్దయ్యెను. ఆ కొఱతను తీర్చుకొనుటకు తోటలవారు హిందూదేశమునుండి కూలీలను ఒప్పందముపై రప్పించిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో ముప్పదియాఱుగురు కూలీలు దిగిరి. అది మొదలు ఇంచుమించు తొంబది సంవత్సరములలో సుమారు నాలుగున్నర లక్షలమంది ఆ రేవున దిగిరి. వారు దిగిన స్థలమే నేడు ఆప్రవాసీ ఘాట్ అను స్మారకము. 2006లో దానికి ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది.

వీరిలో తెలుగువారు కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండియు, విశాఖపట్టణము మొదలగు రేవులనుండియు పయనమైరి. కోరంగి పేరుమీద అచట తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చెను. ఆ కోరంగి కథయు గమనింపదగినదే. ఓడలు కట్టుట, ఓడలు నడపుట తప్ప వేఱు వృత్తి యంతగా లేని ఆ రేవు 1839 నవంబరులో వచ్చిన ఘోరమైన తుపానుతోను ఉప్పెనతోను తీవ్రముగా దెబ్బతినెను. పిదప ఒండ్రు పూడికతో రేవు మూతపడెను. నేడది చిన్న గ్రామము. దాని పేరు మాత్రము సముద్రమునకు ఆవల నిలిచియున్నది. మారిషస్ తెలుగువారు నేటికిని రామభజనలు చేయుదురు; అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ జరుపుదురు. ఉగాది యచట ప్రభుత్వపు సెలవుదినము. ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు నేర్పబడుచున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపముననే జరిగెను.

మొదటి బావి: చెఱకు

1968 మార్చి 12వ తేదీన మారిషస్ స్వతంత్రమయ్యెను. అప్పటికి ఎగుమతులలో నూటికి తొంబది వంతులకు పైగా పంచదారయే. 1960 ఫిబ్రవరిలో కరోల్ అను తుపాను వచ్చినప్పుడు ఆ యొక్క పంట నేలకొరగుటతో దేశమునకు దేశమే క్రుంగిపోయెను. మలేరియా తగ్గుటచే జనసంఖ్య శీఘ్రముగా పెరుగుచుండెను. పనులు మాత్రము పెరుగుట లేదు. జేమ్స్ మీడ్ అను ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞుడు ఆ పరిస్థితిని పరిశోధించి 1961లో నొక నివేదిక ప్రకటించెను. ఈ ద్వీపము శాంతితో వృద్ధిపొందుట కష్టమని ఆయన భయపడెను. ఆయన సామాన్యుడు కాడు. 1977లో నోబెలు బహుమానము పొందినవాడు. ఐనను ఆయన భయపడినట్లు జరుగలేదు. ఏల జరుగలేదో చూతము.

1975లో యూరోపియను దేశములతో కుదిరిన యొడంబడిక ప్రకారము ఆ దేశములు ప్రతి సంవత్సరము సుమారు అయిదు లక్షల టన్నుల మారిషస్ పంచదారను నిర్ణీతమగు ధరకు కొనుటకు అంగీకరించెను. ఆ ధర తఱచుగా ప్రపంచపు సంతధర కంటె చాల హెచ్చుగా నుండెడిది. ఈ విధముగా వచ్చిన లాభమును ద్వీపవాసు లంతయు తిని కూర్చుండక, దానిలో కొంత క్రొత్త పనులలో పెట్టిరి. ఇదియే వారి వివేకము. ఏలయనగా 2006 మొదలు యూరోపియనులు ధరను క్రమముగా తగ్గించి, 2009 నాటికి పాత యొడంబడికను ముగించిరి. అప్పటికి చెఱకుపై మాత్రమే యాధారపడియున్నచో దేశము మునిగియుండెడిది.

నేడును చెఱకు పోలేదు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున రెండువందల యేబదికి మించియుండిన పంచదార మిల్లులు ఇప్పుడు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. చెఱకు పిప్పిని కాల్చి విద్యుచ్ఛక్తిని తీయుట, శ్రేష్ఠమగు రకములను హెచ్చు ధరకు అమ్ముట మొదలగు ఉపాయములతో అవి నిలిచియున్నవి.

రెండవ బావి: బట్టల మిల్లులు

1970లో మారిషస్ ప్రభుత్వ మొక చట్టము చేసెను. ఎగుమతి కొఱకే సరకులు తయారుచేయు కర్మాగారములకు పన్నులలో రాయితీలు, దిగుమతి సుంకములనుండి మినహాయింపులు లభించెను. నాడు సంపన్నదేశములు ప్రతి దేశమునుండియు ఇంతకు మించి బట్టలు కొనమని హద్దులు పెట్టియుండెను. హాంకాంగు మొదలగు చోట్ల తమ హద్దు నిండిన వర్తకులు ఖాళీగా నున్న మారిషస్ హద్దును వాడుకొనుటకు వచ్చి కుట్టుమిల్లులు పెట్టిరి. వేలకొలది స్త్రీలు మొట్టమొదటిసారి యిల్లు వెడలి జీతమునకు పనిచేసిరి. తాతలు చెఱకు నఱికిన కుటుంబములలో మనుమరాండ్రు స్వెట్టరు లల్లి రొక్కము తెచ్చిరి.

ఈ ఏర్పాటును చిరస్థాయి కాలేదు. 2005 జనవరి 1వ తేదీతో ఆ హద్దు లన్నియు తొలగిపోయెను. చీనా మొదలగు పెద్ద దేశముల సరకు ధారాళముగా ప్రవహించెను. మారిషస్‌లో అనేక మిల్లులు మూతపడెను. వేలకొలది స్త్రీలు పని కోల్పోయిరి. మంచి రకములను చేయనేర్చిన మిల్లులు కొన్ని మాత్రము నిలిచినవి.

ఇచట విద్యార్థులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పంచదార ధర యూరోపులో నిర్ణయింపబడెను. బట్టల హద్దులును సంపన్నదేశములే నిర్ణయించెను. బావి ద్వీపమున నున్నను, దాని ఊట పరుల నేలనుండి వచ్చుచున్నది. పరులు ఊటను మళ్ళించినచో అడుగువా రుండరు.

మూడవ బావి: అతిథులు

1970లో మారిషస్‌కు వచ్చిన యాత్రికులు సుమారు 28 వేలు. 2000లో ఆఱున్నర లక్షలు. 2018లో దాదాపు 14 లక్షలు. అనగా దేశజనసంఖ్యను మించినవారు. ఫ్రాన్సు, ఇంగ్లండు, జర్మనీ, దక్షిణాఫ్రికా, ప్రక్కనున్న రీయూనియను ద్వీపము, మన హిందూదేశము మొదలగు చోట్లనుండి వీరు వత్తురు. చవుక ధరకు మందలు మందలుగా జనులను తెచ్చు విమానములను ప్రోత్సహింపక, తక్కువమంది వచ్చినను హెచ్చుగా వెచ్చించువారే రావలెనని ప్రభుత్వము చిరకాలము యత్నించెను. 1967లో స్థాపింపబడిన సొంత విమాన సంస్థ యిందుకు తోడ్పడెను.

అతిథి యిచ్చిన రూపాయి యెట్లు ప్రయాణము చేయునో చూచినచో ఈ వ్యాపారపు రహస్యము తెలియును. ఒక యతిథి పారిసు నగరమునుండి బయలుదేరి మొత్తముమీద నూఱు రూపాయలు వెచ్చించె ననుకొందము. ఈ క్రింది యంకెలు బోధపడుటకై మేము కల్పించినవే కాని లెక్కలవారు తేల్చినవి కావు. నూటిలో నలువది పరదేశపు విమాన సంస్థకును, ప్రయాణపు టేర్పాట్లు చేసిన దళారికిని పోయెను. అవి ద్వీపమును చూడనే లేదు. మిగిలిన అరువది హోటలునకు చేరెను. హోటలువాడు వెన్న, జున్ను, మాంసము, ద్రాక్షాసవము, విద్యుద్యంత్రములు పై దేశములనుండి తెప్పించి ఇరువది వెచ్చించెను. హోటలు పరదేశీయునిది యైనచో లాభముగా పది వాని దేశమునకు పోవును. ఇక మిగిలినవి ముప్పది. ఇవి పనివారి జీతములు, స్థానికమగు చేపలు, కూరగాయలు, ప్రభుత్వపు పన్ను. ఆ జీతముతో పనివాడు కొనిన రొట్టె పిండియు దిగుమతియే యైనచో అందులో కొంత మరల ఓడ యెక్కును.

కావున ఎందఱు వచ్చిరని యడుగుటతో సరిపోదు. వచ్చినదానిలో ఎంత నిలిచెనని యడుగవలెను. చిల్లికుండలో ఎన్ని బిందెలు పోసితిమని చెప్పుకొని ప్రయోజన మేమి? చిల్లి పూడ్చుటకు మార్గములు కలవు. హోటలు దేశీయుల దైనచో లాభము నిలుచును. హోటలునకు కావలసిన టమాటాలు, గ్రుడ్లు, చేపలు స్థానికులే అమ్మినచో మఱికొంత నిలుచును. పడవవాడు, టాక్సీవాడు, బుట్ట లల్లువాడు నేరుగా అతిథికి అమ్మినచో ఇంకను కొంత నిలుచును. ఈ విషయమున మారిషస్ అనేక ద్వీపములకంటె మేలుగా నున్నది. అందలి పెద్ద హోటళ్ళలో పెక్కులు స్థానిక సంస్థలవే. చెఱకు తోటలలో కూడిన మూలధనమే కొంత యిందు పెట్టబడినది. ఐనను ఆహారములో హెచ్చుభాగమును, చమురంతయును దిగుమతియే. ఆ చమురు చాలకాలము మన మంగళూరునుండియే పోయెడిది.

అమ్ముచున్న సరకేది?

చెఱకు అమ్మినవాడు మరుసటి యేడు మరల చెఱకు పండించును. అతిథుల వ్యాపారమున అమ్ముడుపోవునది తెల్లని యిసుక, తేటనీరు, నెమ్మదియైన తీరము. ఇవి మనుష్యుడు చేసినవి కావు. చెడినచో చేయగలిగినవియు కావు.

మారిషస్ చుట్టును దాదాపు అంతటను పగడపు గట్టు కలదు. మహాసముద్రపు అలలు ఆ గట్టుపై విఱిగి, లోపలి మడుగు ప్రశాంతముగా నుండును. తీరపు ఇసుకయు హెచ్చుభాగము పగడముల, గవ్వల పొడియే. పగడములు చచ్చినచో గట్టు క్రుంగును. గట్టు క్రుంగినచో అలలు తీరమును కోయును. తీరము పోయినచో అతిథి రాడు. ఇండ్లు కట్టుటకై ఈ మడుగులలోని యిసుకను చిరకాలము త్రవ్వి తీసిరి. కీడును గుర్తించి 2001లో ప్రభుత్వము దానిని నిషేధించెను. ఇసుక తీసి బ్రదికిన బీదలకు వేఱుపని చూపవలసి వచ్చెను. సముద్రజలము వేడెక్కుటచే పగడములు తెల్లబడి చచ్చుట మాత్రము ఒక్క దేశపు చట్టముతో నాగునది కాదు.

తీరపు నేల విషయమున మఱియొక చిక్కు కలదు. ఫ్రెంచివారి కాలమునుండి సముద్రపు పోటుగీత మొదలు లోనికి కనీసము 81 మీటరుల మేర నేల ప్రభుత్వమునకే చెందును. దానిని అమ్మరాదు, కౌలున కీయవచ్చును. ప్రభుత్వము దానిలో కొంత హోటళ్ళకు కౌలున కిచ్చినది. కొంత ప్రజల విహారమునకు విడిచినది. ఆదివారము వచ్చెనా, ద్వీపవాసులు కుటుంబములతో చాపలు, గిన్నెలు తీసికొని ఆ తీరములకు వనభోజనములకు పోవుదురు. హోటళ్ళు పెరిగినకొలది ఆ తీరములు తఱిగిపోవునేమో యని వారి యాందోళన. అతిథికై యింటిలోనివారు అరుగుమీద పండుకొనవలసి వచ్చునా యని వారు ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే.

బావి యెండిన సంవత్సరము

2020 మార్చిలో కోవిడు వ్యాధి కారణముగా మారిషస్ తన ద్వారములను మూసికొనెను. సంవత్సరమునకు 14 లక్షలమంది వచ్చుచుండిన చోటికి 2020లో సుమారు 3 లక్షలమందియు, 2021లో రెండు లక్షల లోపునను మాత్రమే వచ్చిరి. ఏప్రిలు మాసముననే జాతీయ విమాన సంస్థ అప్పులు తీర్పలేక నిర్వాహకుల చేతిలోనికి పోయెను. హోటలు వంటవారు, పడవవారు, టాక్సీవారు, తీరమున గుడ్డ లమ్మువారు చేతులు ముడుచుకొని కూర్చుండిరి. ప్రభుత్వము పనివారి జీతములలో కొంతభాగమును తానే చెల్లించి వారిని నిలిపెను. అందువలన ఋణభారము పెరిగెను. ఆ యేడు దేశపు మొత్తము ఆదాయము నూటికి సుమారు 15 వంతులు తగ్గెను.

కష్టము ఒంటిగా రాలేదు. ఆ జూలై 25వ తేదీన వకాషియో అను పెద్ద సరకుల ఓడ ఆగ్నేయదిక్కున పగడపు గట్టు నెక్కి యిఱుకుకొనెను. ఆగస్టు మొదటి వారమున అది పగిలి సుమారు వేయి టన్నుల చమురు మడుగులలోనికి పాఱెను. అప్పుడు మాహెబూర్ చెంత ప్రజలు ప్రభుత్వపు టుత్తరువుల కెదురుచూడక తాముగా కదలిరి. చెఱకు ఆకులను గుడ్డసంచులలో కూరి, పొడవుగా కుట్టి, నీటిపై తేలునట్టి కట్టలు చేసి, చమురు వ్యాపింపకుండ అడ్డుపెట్టిరి. కొందఱు తల వెండ్రుకలను కత్తిరించి యిచ్చిరి. మొదటి బావి యగు చెఱకు ఆ విధముగా మూడవ బావిని కాపాడుటకు వచ్చెను.

2021 అక్టోబరు 1వ తేదీన ద్వారములు పూర్తిగా తెఱవబడెను. 2024 నాటికి అతిథుల సంఖ్య మరల 13 లక్షల 80 వేల ప్రాంతమునకు వచ్చినది.

అరూబా ద్వీపముతో పోలిక

కరిబియను సముద్రములోని అరూబా అను ద్వీపముతో పోల్చి చూచినచో మారిషస్ యెట్లు నిలదొక్కుకొనెనో స్పష్టమగును. డచ్చి రాజ్యమునకు చెందిన ఆ ద్వీపము సుమారు 180 చదరపు కిలోమీటరులు; జనులు లక్షకు కొంచెము మించుదురు. అచట చాలకాలము ఒక గొప్ప చమురు శుద్ధి కర్మాగారమే అన్నదాత. 1985లో దానిని నడపిన సంస్థ దానిని మూసివేసెను. గత్యంతరము లేక ద్వీపవాసులు హోటళ్ళను కట్టిరి. వర్షము తక్కువ, తుపానుల మార్గమునకు ఎడముగా నుండుట, అమెరికాకు దగ్గఱ యగుట మొదలగు కారణములచే అతిథులు విశేషముగా వచ్చిరి; ద్వీపము సంపన్నమయ్యెను. కాని నమ్ముకొన్న బావి మాఱినదే కాని బావుల సంఖ్య పెద్దగా పెరుగలేదు. 2020లో అరూబా ఆదాయము దాదాపు నాలుగింట నొకవంతు పడిపోయెను.

మారిషస్‌లో హోటళ్ళ యాదాయము నేరుగా లెక్కించినచో దేశాదాయములో నూటికి సుమారు 8 వంతులే. వానిపై ఆధారపడిన ఇతర వృత్తులను కలిపినచో హెచ్చగును. ఐనను అరూబాతో సాటి రాదు. చెఱకు, బట్టలు, బ్యాంకులు, ఎబెన్ అను చోట వెలసిన కంప్యూటరు కార్యాలయములు అచట వేఱువేఱు బావులుగా నున్నవి. ఈ బ్యాంకు వ్యాపారమునకును ఒక పాఠము తప్పలేదు. 1982లో హిందూదేశముతో చేసికొనిన పన్నుల యొడంబడికవలన పరదేశపు ధనము మారిషస్ మీదుగా మన దేశమునకు ప్రవహించెడిది. 2016లో మన ప్రభుత్వము ఆ యొడంబడికను సవరించెను. ఇచటను ఊట పరులదే.

నిజమైన మూలధనము

పంచదార, బట్టలు, అతిథులు, బ్యాంకులు; ఈ నాలుగింటిలో ఏదియు ద్వీపవాసుల చేతిలో పూర్తిగా నున్నది కాదని చూచితిమి. మఱి వారి చేతిలో నున్న దేది? ఒక పని పోయినప్పుడు రెండవ పని నేర్చుకొను శక్తి. ఆ శక్తి యూరక రాలేదు. 1965లో విశ్వవిద్యాలయమును స్థాపించిరి. 1977లో ఉన్నతపాఠశాలల చదువును ఉచితము చేసిరి. తోటకూలీల బిడ్డలు ఆంగ్లము, ఫ్రెంచి నేర్చి, ఇంట తెలుగో, భోజపురియో, క్రియోలో మాటలాడుచు, లెక్కలు వ్రాయుటకును, యంత్రములు నడపుటకును, అతిథులతో సంభాషించుటకును అర్హులైరి. ఒక ముత్తాత చెఱకు నఱికెను. ఆయన మనుమరాలు మిల్లులో కుట్టెను. ఆమె కుమారుడు హోటలులో లెక్కలు వ్రాయుచున్నాడు. ఇట్టి కుటుంబము లా ద్వీపమున అరుదు కావు. ప్రతి తరమునను పాత పని చేజాఱుటకు ముందే బిడ్డ చేతికి పుస్తకము వచ్చినది.

తలిదండ్రులకు నొక మాట. మన నగరమున నేడు ఒకే విధమగు కొలువును, ఒకే పరదేశమును గుఱిగా పెట్టుకొని బిడ్డలను చదివించు కుటుంబములు పెక్కులు కలవు. ఆ కొలువు మంచిదే. మారిషస్‌కు అతిథులును మంచివారే. కాని ఆ కొలువుల ద్వారము తెఱచుటయు, మూయుటయు మన చేతిలో లేదు. ఒక దేశము వీసాల సంఖ్యను తగ్గించినను, ఒక సంస్థ తన పనిని వేఱొక చోటికి మార్చుకొన్నను ఇచటి యిండ్లలో పొయ్యిమీద ప్రభావము కనబడును. బిడ్డకు రెండవ విద్య యొకటి, చేతిపని యొకటి, చక్కగా మాటలాడి వ్రాయగల భాష లొకటి రెండు అబ్బునట్లు చూచుట వ్యర్థవ్యయము కాదు. అది రెండవ బావి త్రవ్వుట.

విద్యార్థులు మాత్రము అతిథులతో నిండిన తీరములను చూచి అది సులభమగు సంపద యని భ్రమపడకుందురు గాక. ఆ ద్వీపమును బ్రదికించినవి తీరమున నున్న యిసుక యొకటే కాదు. లోపలి గ్రామములలోని పాఠశాలలును. నీరున్న దినములలో రెండవ బావి త్రవ్వినవారికి కఱవు వచ్చినను దాహము తీరును; ఎండిన పిదప త్రవ్వ నారంభించినవారికి చెమట మాత్రమే దక్కును.